చియాంగ్ మైలో తీసిన దిష్టి

భయస్తులు దూరదేశాలకు పోకూడదని ఎక్కడా రాసిలేదు. పోతే ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే మాత్రం నన్ను అడగాలి. జనగామ బజారులో నాది ఇత్తడి సామాన్ల దుకాణం. పెంబర్తి పనివాళ్లు కొట్టిన బిందెలు, దీపపు సెమ్మెలు అమ్ముకుని బతుకుతున్నాను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ పిల్లవాడిగా లాఠీలకు దొరక్కుండా ఒక బస్తాల కొట్టులో రోజంతా నక్కి కూర్చున్నాను. అప్పటి నుంచి పదిమంది ఒక్కచోట చేరి గొంతు పెంచితే చాలు, నక్కేందుకు చోటు వెతుక్కుంటాను.

మానుకోటకు సరుకు చూడబోయినా పగటి బస్సే ఎక్కుతాను. ఇక అత్తగారి ఊరు ప్రయాణమంటే ముందు రోజు నుంచే అన్నం సయించదు. ఆ ఊరు భూపాలపల్లి దాటాక, మహదేవపూర్ వైపు అడవి దారిలో ఉంది. ఆ దారిలో పొద్దున పోలీసులు ఆపి ఎవరింటికి వచ్చావని అడుగుతారు. సాయంత్రం అడవిలోని అన్నలు ఆపి అదే మాట అడుగుతారు. ఇద్దరికీ ఒకే జవాబు, ఒకే గొంతుతో చెప్పి బయటపడాలి.

అట్లాంటి నేను థాయిలాండ్ పోయి వచ్చానంటే మా బజారులో ఇంకా ఎవరూ నమ్మరు. మా బావమరిది బ్యాంకాకులో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు. అక్కను చూడక ఏళ్లయిందని, రమ్మని పోరుపెట్టి తెప్పించుకున్నాడు. నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకున్నాక, చూడాల్సిన ఊరు చియాంగ్ మై అని మమ్మల్ని రైలెక్కించాడు. తనకు సెలవు దొరకలేదు. నేనూ, నా భార్య అనసూయా, ఒక సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు సీసా, అటుకుల సంచీ. పరదేశంలో మా బలగం అంతే.

కందకం పక్కన పాత ఇల్లు

చియాంగ్ మై పాత నగరం చుట్టూ నలుచదరంగా కందకం ఉంది. నీళ్లు నిండుగా ఉన్నాయి. లోపల అక్కడక్కడా కూలిన ఇటుక గోడలు, అడుగడుగునా బౌద్ధ గుళ్లు. ఓరుగల్లు కోట చూసిన కళ్లకు ఆ గోడలు చిన్నవే. కానీ మన కోట లోపల జొన్న చేలు ఉంటే, ఇక్కడ గోడల లోపల ఊరు ఇంకా కాపురం చేస్తోంది.

తూర్పు దర్వాజా దగ్గర కొత్త హోటళ్లు రెండున్నాయి. వాటి ధర వినగానే నేను మెట్లు దిగాను. సందులోకి తిరిగితే టేకు చెక్కతో కట్టిన రెండంతస్తుల పాత హోటల్ కనబడింది. గదికి రోజుకు నూరు బాత్‌లు, మన లెక్కన యాభై రూపాయల లోపే. పైన పంకా, ఉతికిన దుప్పట్లు, స్నానానికి వసారా చివర పెద్ద మట్టికాగులో చల్లటి నీళ్లు. నడిస్తే నేల కిర్రుమంటుంది. చెప్పులు గడప బయటే విడవాలి. ఆ ఒక్క పద్ధతి చూసి అనసూయ సగం స్థిమితపడింది.

హోటల్ ఒక ముసలావిడది. కొడుకు సోమ్‌చాయ్ లెక్కలు చూస్తాడు, కొంచెం ఇంగ్లీషు మాట్లాడతాడు. కోడలికి నెలలు నిండాయి. ఒక చేయి నడుముకు ఆనించుకుని మెల్లగా మెట్లు ఊడ్చేది. ఊడ్వకపోతే అత్త ఏమీ అనదు, తనకే తోచదట.

హోటల్ ముందు మూడు సందులు కలుస్తాయి. ఆ మూలన ఒక స్తంభం మీద పిచ్చుకగూడంత గుడి. లోపల అగరొత్తులు, అరటిపండ్లు, గ్లాసులో ఎర్రటి షర్బతు. ఆ స్థలాన్ని కాచే దేవతకు అవన్నీ. అనసూయ పోతూ వస్తూ దానికి దండం పెట్టేది.

"ఎవలో ఏమో తెల్వకుండ మొక్కుతున్నవు," అన్నాను.

"మన పోచమ్మ లెక్కనే ఉన్నది. మొక్కితే పోయేదేమున్నది? మొక్కకుంటెనే పరేషాన్," అంది.

ఎర్ర సున్నం

తిండి దగ్గర మా ఇద్దరి ప్రాణాలూ పోయినంత పనయింది. మేము గుడ్డు కూడా ముట్టం. ఇక్కడ చూస్తే ఆకుకూర వేపుడులో సైతం చేపల రసం పోస్తారు. నేను గుడ్లు, చేప, మాంసం అన్నింటికీ చేయి అడ్డంగా ఊపితే, దుకాణం పిల్ల మాకు రోగమేదో ఉందనుకుని జాలిపడి అరటిపండ్లిచ్చింది. చివరికి జిగురన్నం కాపాడింది. వెదురు బుట్టలో ఆవిరి మీద వండుతారు, వేళ్లతో ముద్ద చేసుకుని తింటారు. దానికి తొక్కు నంజుకుంటే ఇల్లు గుర్తొచ్చింది. మామిడిపండు ముక్కలతో, కొబ్బరిపాలతో కలిపి ఇస్తే అయిదు బాత్‌లు. అది మాత్రం మన దగ్గర లేనందుకు నాకు నిజంగా బాధ కలిగింది.

ముసలావిడకూ అనసూయకూ స్నేహం కలిపింది తమలపాకు. ఆమె మెట్ల మీద వక్కల పెట్టె తెరుచుకుని కూర్చుంటే మా ఆవిడ పోయి పక్కన కూర్చుంది. ఒకరి మాట ఒకరికి రాదు. ఆకు మడవడం ఇద్దరికీ వచ్చు. వాళ్ల సున్నంలో ముందే పసుపు కలుపుతారట, ఎర్రగా ఉంటుంది. అనసూయకు అది వింతగా తోచింది. ఆమె ముచ్చటపడడం చూసి ముసలావిడ ఒక చిన్న డబ్బీ నిండా సున్నం పెట్టి ఇచ్చింది. అప్పటి నుంచి అనసూయ ఆమెను అవ్వ అనే పిలిచింది, ఆమె పలికేది.

వెండి వీధిలో మొదలైన జ్వరం

కందకానికి దక్షిణంగా వెండి పనివాళ్ల వీధి ఒకటుంది. అరుగుల మీద కూర్చుని గిన్నెలకు బొమ్మలు ఎక్కిస్తున్నారు. సుత్తి చప్పుడు వింటే పెంబర్తిలో ఉన్నానా అనిపించింది. నేను ఒక్కో గిన్నె ఎత్తి, గోటితో కొట్టి చూస్తుంటే వీధంతా నన్ను చూసింది. నా ధోవతి, నా మీసాలు వాళ్లకు వేడుక. ఒకాయన నా మీసం కొలత కూడా చేత్తో చూపించి పక్కవాడితో ఏదో అన్నాడు. అంతా నవ్వారు, నేనూ నవ్వాను.

తిరిగొస్తుంటే దారిలోనే వణుకు మొదలైంది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. సోమ్‌చాయ్ ఒక డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన చూసి, మలేరియా కాదులే అన్నట్టు తల ఊపి, గోళీలిచ్చి పోయాడు. తల ఊపిన తీరు నాకు సరిగా అర్థం కాలేదు. మలేరియానే అన్నాడేమో అని రెండు రోజులు భయంతోనే పడుకున్నాను. ఇక్కడ చస్తే అనసూయ ఎవరికి చెప్పుకుంటుంది, శవాన్ని జనగామ ఎట్లా చేరుస్తారు, దుకాణం తాళాలు ఎవరి దగ్గరున్నాయి, అన్నీ వరుసగా ఆలోచించాను. నాకు దేవుడు ఇచ్చిన తెలివంతా అట్లాంటి వాటికే పనికొస్తుంది.

రెండో రోజు పొద్దు గూకే వేళ అనసూయ మంచం పక్కన నిలబడింది. చేతిలో పళ్లెం. అందులో ఉప్పు, ఎండుమిరపకాయలు, రెండుగా కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయ. అవ్వ ఇచ్చిన సున్నాన్నే నీళ్లలో కలిపి ఎర్రనీళ్లు చేసింది.

"అంతమంది కండ్లు పడ్డయి మీ మీద. గిది గోళీలతోని పోయేది కాదు," అంది.

"నాకు నమ్మకం లేదని నీకు తెల్వదా?"

"నమ్మకం నాకున్నది గద. మీరు జర సప్పుడు చేయకుండ పండుండ్రి."

తల చుట్టూ మూడుసార్లు తిప్పి, వెనక్కి చూడకుండా మెట్లు దిగి పోయింది. దిష్టి తీసినది మూడు బాటలు కలిసే చోట పారబోయాలి. మన దగ్గర అది పసిపిల్లలకు కూడా తెలుసు. మూడు బాటలు కలిసే చోటు హోటల్ గడప ముందరే, ఆ చిన్న గుడి ఎదురుగానే ఉంది.

వసారా మీంచి చూసింది

ఆమె పైకొచ్చి కాళ్లు కడుక్కుంటుండగా కింద ఒక కేక వినబడింది. ఆ తర్వాత గొంతులు. మొదట రెండు, తర్వాత పది. గోడ పట్టుకుని వసారాలోకి పోయి తొంగిచూశాను. కోడలు కూడలి మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. ఆమె పాదం నిమ్మచెక్క మీద పడింది. చీలమండ దాకా ఎర్రనీళ్లు చింది ఉన్నాయి. ముసలావిడ ఆ ఎరుపును చూసి, గుడిని చూసి, తలెత్తి నన్ను చూసింది. పొద్దున దాకా నాకు గంజి కాచి పంపిన మనిషి ముఖం అట్లా మారడం నేను ఎన్నడూ చూడలేదు.

సోమ్‌చాయ్ పరుగున పైకొచ్చాడు. తన ఇంటి మీద ఏం చేశారని అడిగాడు. ఎర్రనీళ్లను నెత్తురనుకున్నారు. గడప ముందు కోసిన నిమ్మకాయ పెట్టడం, కడుపుతో ఉన్న పిల్ల దాన్ని తొక్కడం, చేతబడి కాక మరేమిటని కింద జనం అంటున్నారట. నాకొచ్చిన ఇంగ్లీషు దుకాణం బేరాలకు సరిపోయేది. జ్వరం నాది, మందు నాకే, మీకేం కాదు అని చెప్పబోయాను. మాటలు వరస తప్పి వచ్చాయి. జ్వరం మీకే అన్నట్టు విన్నాడేమో, అతని ముఖం ఇంకా నల్లబడింది. సామాను సర్దుకొమ్మని దిగిపోయాడు. మా పాస్‌పోర్టులు కింద అతని బల్ల సొరుగులో ఉన్నాయి.

ఇంతలో అనసూయ వైపు చూస్తే ఆమె తలుపు మూలకు ఒదిగి వణుకుతోంది. నా ఒంట్లో ఉన్న వణుకు కంటే అది ఎక్కువ.

"కడుపుతోని ఉన్న పిల్ల తొక్కింది. నా చేతులతోని ఏసిందే తొక్కింది," అంది.

"అది ఉత్త నిమ్మకాయ. ఏం కాదు."

"మా ఊర్ల సాయవ్వకు కూడ గట్లనే అన్నరు."

సాయవ్వ సంగతి పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పింది. అనసూయకు పదేళ్లప్పుడు వాళ్ల వాడకట్టులో ఒకరి గడప ముందు కుంకుమ పూసిన నిమ్మకాయ కనబడింది. ఆ ఇంట్లో బిడ్డ చనిపోయింది. సాయవ్వ బాణామతి చేసిందని ఊరంతా కలిసి ఆమెను గుంజకు కట్టి పళ్లు రాలగొట్టారు. నాలుగు రోజులకు సాయవ్వ పోయింది. అందులో చేయి కలిపిన వాళ్లు మర్నాడు మామూలుగా నాట్లకు పోయారట. పిల్లగా అదంతా కళ్లతో చూసింది అనసూయ.

కింద గొంతులు ఇంకా పెరిగాయి. నేను ఆ చప్పుడు వింటూ మళ్లీ బస్తాల కొట్టులో ఉన్నట్టే మంచం కోడు పట్టుకున్నాను. అనసూయ కొంగు నడుముకు దోపుకుంది.

"దిష్టి తీసినోళ్లే నోట్లేసుకుంటే తొక్కినోళ్లను ఇడుస్తదని మా అమ్మమ్మ అనేది. తీసినోళ్లకు పడ్తది," అంది.

"నీకెందుకు పడాలె? పిచ్చి లేసిందా? అందరు కోపం మీదున్నరు, కిందికి పోకు."

"మీకు నమ్మకం లేదంటిరి గద. మరెందుకు గుంజుతున్నరు?"

చేయి వదిలించుకుని దిగిపోయింది. నేను మెట్ల దాకా కూడా పోలేదు. వసారా కటకటాలు పట్టుకుని చూశాను. జనం ఆమెకు దారి వదిలారు. దారి వదిలిన తీరులో మర్యాద లేదు, ఆమె కొంగు తగలకూడదన్న భయముంది. ఆమె కోడలి ముందు కూర్చుని, ఆ పాదాన్ని పక్కకు జరిపి, దుమ్ము కొట్టుకుపోయిన నిమ్మచెక్కలు రెండూ ఏరింది. ఒకటి నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. రెండోది కూడా మింగింది. కళ్లనుంచి నీళ్లు కారాయి. తర్వాత తన కొంగుతో కోడలి పాదం తుడిచింది.

ముసలావిడ చెంబుతో నీళ్లు తెచ్చి అనసూయ చేతుల మీద పోసింది. పోసింది కానీ ఆమె ముఖం చూడలేదు.

ఎవరి గది వాళ్లది

జ్వరం తగ్గేదాకా ఉండమని సోమ్‌చాయ్ అన్నాడు. కోడలు మెట్లు ఊడ్వడానికి రాలేదు. పెరటి గదిలోనే ఉంచారు, తలుపుకు రక్షగా తెల్లదారం కట్టారు. వక్కల పెట్టె కూడా మెట్ల మీదికి రాలేదు. చిన్న గుడి ముందు మాత్రం పండ్లు రెండింతలయ్యాయి.

నాకు గోళీలతో జ్వరం దిగింది. మర్నాడు అనసూయకు కడుపు చెడింది. వసారా చివరికి తిరిగి తిరిగి వచ్చి, ముఖం పాలిపోయి మంచం మీద వాలింది. నేను హడలిపోయి డాక్టరును పిలుస్తానంటే వద్దంది.

"నాకొచ్చింది సూడుండ్రి. ఇగ గా పిల్లకు భయం లేదు," అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

బజారు దుమ్ము తింటే ఎవరికైనా కడుపు చెడుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే నాకప్పుడు ఏ నమ్మకం ఎంతవరకుందో నాకే తెలియలేదు. ఆమె నుదురు మీద గంటకోసారి చేయి పెట్టి చూస్తూనే ఉన్నాను.

రైలు ఉన్న రోజు

మా తిరుగు రైలు సాయంత్రం. ఆ పొద్దున కోడలికి నొప్పులొచ్చాయి. మూడు చక్రాల రిక్షాలో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయారు. ఆమె మూలుగు సందు మలుపు తిరిగేదాకా వినబడింది. హోటల్లో వంటామె ఒక్కతే మిగిలింది. మమ్మల్ని చూసి ఆమె వంటింటి తలుపు వేసుకుంది.

నేను ఆదరాబాదరాగా సంచులు సర్దాను. తల్లికో బిడ్డకో ఏదైనా అయితే ఆ నేరం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కర లేదు. సొరుగుకు తాళం లేదు. పాస్‌పోర్టులు తీసుకున్నాను. గది డబ్బు బల్ల మీద పెట్టాను.

"స్టేషన్ల కూసుందాం పా. కబురు రాకముందే ఎల్లిపోవాలె."

అనసూయ మెట్ల మీద కూర్చుంది. "నేను రాను."

"బిడ్డకేమన్నయితే మనల బతకనిస్తరా?"

"ఇప్పుడు పోతే మనమే చేసినమని ఒప్పుకున్నట్టయితది. సాయవ్వ గూడ పారిపోలేదు. పారిపొమ్మని మా బాపు చెప్పినా పోలేదు. ఏం చేయని మనిషి ఎందుకు పారిపోతదండి?"

ఏం జరిగినా జరగనీ అనే ధైర్యం నాకు పుట్టుకతోనే లేదు. ఆమెను వదిలిపోయే ధైర్యం అంతకంటే లేదు. పక్కన కూర్చున్నాను. ఎండ మెట్టు మీంచి మెట్టుకు దిగింది. రిక్షా ఏది మలుపు తిరిగినా లేచి నిలబడేవాణ్ణి. అనసూయ నోట్లో ఏదో గొణుక్కుంటోంది. ఏ దేవుడి పేరో అడగలేదు.

మధ్యాహ్నం దాటాక ముసలావిడ ఒక్కతే రిక్షా దిగింది. ముఖంలో నవ్వు లేదు, ఏడుపూ లేదు. నేరుగా వచ్చి అనసూయ మణికట్టు గట్టిగా పట్టుకుని లాగింది. నేను లేచి అడ్డంగా నిలబడబోయాను. ఆమె నన్ను పక్కకు నెట్టి అనసూయను రిక్షాలో ఎక్కించింది. నాకు చోటు లేదు. రిక్షా వెనక పరుగెత్తాను. ధోవతి కట్టుకుని, జ్వరం నుంచి లేచి, ఆ ఊరి కందకం గట్టు మీద పరుగెత్తిన మొదటి జనగామ మనిషిని నేనే అయి ఉంటాను. దారిలో జనం నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది.

దవాఖాన వార్డులోకి రొప్పుతూ పోయేసరికి కోడలు మంచం మీద పడుకుని ఉంది, కళ్లు తెరిచే ఉంది. సోమ్‌చాయ్ పక్కన నిలబడ్డాడు. ముసలావిడ తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డను ఎత్తి అనసూయ ఒడిలో పెట్టింది. ఆడపిల్ల. తల నిండా జుట్టు, గుప్పిట్లు బిగించి ఉంది. ఎక్కడ తన చూపు తగులుతుందోనని మా ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని బిడ్డను పట్టుకుంది.

ముసలావిడ అనసూయ గడ్డం పట్టుకుని ముఖాన్ని బిడ్డవైపు తిప్పింది. ముక్కు చిట్లించి, బిడ్డను చూపిస్తూ కటువుగా రెండు ముక్కలు అంది. ఏమన్నదని సోమ్‌చాయ్‌ని అడిగాను. బిడ్డ అసహ్యంగా ఉంది, చాలా వికారంగా ఉంది అంటోందని చెప్పాడు. బాగుందంటే ఏ దెయ్యం కన్నో పడి ఎత్తుకుపోతుందట. అందుకని వాళ్లలో పురిటి బిడ్డను ప్రేమ ఉన్నవాళ్లంతా అట్లాగే తిడతారట.

అనసూయకు నేను తెలుగులో చెప్పాల్సిన పని పడలేదు. పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టుకునే ఊళ్ల నుంచి వచ్చింది ఆమె. కళ్లు తెరిచింది. బిడ్డను తనివితీరా చూసింది. చెంపల మీద నీళ్లు కారుతుంటే ముసలావిడ కంటే ఎక్కువగా ముక్కు చిట్లించింది.

"అవునవ్వా," అంది. "గింత పాడు మొఖం నేనెక్కడ చూడలేదు."